ఐవిండ్ వాటా

మా కల్దవీక్ తీరంలో ఒకరి గుర్తు ఉన్న వస్తువును ఇంకొకరు ముట్టుకోరు. సముద్రం మోసుకొచ్చి పడేసింది దుంగ కావచ్చు, పీపా కావచ్చు, ముందుగా చూసి తమ ఇంటి గుర్తు ఎవరు చెక్కితే అది వాళ్లది. ఏళ్ల తరబడి అక్కడే పడి ఎండుతున్నా వాళ్లదే. మా తాతల కాలంలో ఒకడు పొరుగింటి దుంగ మీద గుర్తు చెరిపి తన గుర్తు పెట్టుకున్నాడట. దొంగతనమైతే పోనీలే అనేవాళ్లేమో గానీ, గుర్తు చెరిపాడని తెలిసి తీరం తీరమంతా వాడితో మాటలు మానేసింది. చర్చిలో వాడి పక్కన కూర్చునే దిక్కు లేకపోయింది. వాడు పోయాక కూడా ఆ బల్ల చాలాకాలం ఖాళీగానే ఉండేది.

ఆ వసంతంలో మంచు పలకలు విడిపోయి ఉత్తరానికి జరిగిపోయాక, సాల్వోర్ తీరం చూడటానికి బయల్దేరింది. చుట్టూ ఎప్పుడూ ఉండే సరంజామానే. రష్యా అక్షరాల సీసాలు, చేపల ట్రేలు, పగిలిన డబ్బాలు, తాళ్ల చిక్కులు, జత లేని బూట్లు. ఆ తీరం దాటితే ఇక ధ్రువం దాకా ఇల్లనేది లేదు, అయినా లోకంలోని ఇళ్లన్నిటి చెత్తా అక్కడే చేరుతుంది. వాటి మధ్య ఒక సీల్ పిల్ల చచ్చి పడి ఉంది. మెడకు ఆకుపచ్చ నైలాన్ వల ముక్క బిగుసుకుపోయి, చర్మం లోపలికి దిగిపోయింది. సాల్వోర్ వంగి చూసింది. వలలో ఒకచోట చిరుగు కుట్టి ఉంది. దారం రెండు పేటలు వేసి, ముడి మీద ముడి వేసి కుట్టిన కుట్టు. అలా రెండు పేటలతో వల బాగుచేసే మనిషి ఆ తీరం మొత్తానికీ ఒక్కతే. అది తనే.

"మళ్లీ వచ్చావా" అంది. సీల్ పిల్లతో కాదు.

ఆ వల ఆమె మొగుడిది. పేరు ఐవిండ్. ఏడేళ్ల కిందట గుడ్ల కోసం పట్టే ముద్దచేపలకి వేసిన వలలు తియ్యడానికి వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. మనిషి దొరకకపోతే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పోయినవాడి వలలన్నీ ఇంటివాళ్లు తీసేస్తారు, ఒక్కటి మాత్రం నీళ్లలోనే వదిలేస్తారు. అది వాడి వాటా. సమాధి లేదు, తలగడ లేదు, పాపం కొత్త చోటికి అలవాటు పడేదాకా నాలుగు చేపలైనా తింటాడని. చలికాలం గడిచేసరికి నూలు వల చివికిపోతుంది. వసంతంలో వెళ్లి తాడు లాగితే ఉత్త తాడే తేలిగ్గా పైకొస్తుంది. తిన్నాడు, వెళ్లిపోయాడు అనుకుంటారు. అప్పుడు పెళ్లాం మేకుకున్న వాడి తోలుకోటు తీసేస్తుంది. అప్పటిదాకా ఆమె ఇంకొకరి ఇంట్లో అడుగు పెట్టి కాపురం చెయ్యదు. చెయ్యకూడదని ఎవరూ రాసిపెట్టలేదు గానీ, చేసినవాళ్లు లేరు.

ఐవిండ్ పోయినప్పుడు అతని తల్లి థోర్కట్ల అటక మీద చూడమంది. మామగారి నాటి నూలు వల ఒకటి ఇంకా చుట్టి పెట్టి ఉంది, అది వెయ్యమంది. సాల్వోర్‌కి ఒళ్లు మండింది. బతికున్నప్పుడు మంచి వల కోసం ఎంత ఆశపడేవాడు! చచ్చాక ఎలుకలు కొరికిన పాత గుడ్డ పడేస్తారా వాడి మొహాన? ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి వల తీసింది. ఆకుపచ్చ నైలాన్, నారింజరంగు బెండ్లు, ప్రతి బెండు మీదా ఎర్రగా కాల్చిన ఇనుముతో ఐవిండ్ స్వయంగా వేసిన ఇంటి గుర్తు, రెండు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక ఏటవాలు గీత. అంతకుముందు చలికాలం తనే కూర్చుని చిరుగులన్నీ రెండు పేటలతో కుట్టింది. అదే వేసింది.

"సముద్రం నూలు తింటుందే పిల్లా, దీన్ని తినలేదు" అంది థోర్కట్ల.

"నా మొగుడికి నేనేం పెట్టుకోవాలో నాకు తెలుసు అత్తా" అంది సాల్వోర్.

ఆ ఒక్క మాటకి ఏడేళ్లుగా అనుభవిస్తోంది. మొదటి వసంతంలో తాడు లాగితే వల బరువుగా వచ్చింది, నిండా చేపలు, కొన్ని కుళ్లినవి, కొన్ని ఇంకా కొట్టుకుంటున్నవి. పద్ధతి ప్రకారం మళ్లీ వదిలేసింది. రెండో వసంతంలోనూ అంతే. మూడో చలికాలం మంచు పలకలు వచ్చి లంగర్లు పెకలించుకుపోయాయి. అప్పటినుంచి వల ఒకచోట ఉండటం మానేసింది. ఒకనాడు రాతి తిన్నెల దగ్గర కనిపిస్తుంది, నెలల తరబడి మాయమవుతుంది, మళ్లీ ఏ తుఫాను తర్వాతో అఖాతంలోకి వచ్చేస్తుంది. దాని బెండ్లు నీళ్ల మీద వరసగా తేలుతూ వస్తుంటే, పనిలోకి వెళ్తున్న మనుషుల్లా ఉండేవి. ఎవరూ దాన్ని తియ్యలేదు. దాని మీద గుర్తుంది. పైగా అది చచ్చినవాడి తిండి. ఇంటిపట్టున ఉన్నవాళ్లు కిటికీ నుంచి చూసి, ఐవిండ్ వచ్చాడు అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. సాల్వోర్ తోలుకోటు మేకుకే ఉంది. వారానికోసారి దాని దుమ్ము దులిపేది, జేబుల్లో చెయ్యి మాత్రం పెట్టేది కాదు.

ఒక వేసవిలో నగరం నుంచి పడుచువాళ్లు పచ్చ కోట్లు వేసుకుని, పెద్ద పెద్ద తెల్ల సంచులు పట్టుకుని, తీరంలో చెత్త ఏరడానికి వచ్చారు. మంచి పిల్లలే, వానలో తడుస్తూ ఏరారు. ఆ వల కొస ఒకటి ఇసకలో కూరుకుపోయి ఉంటే తవ్వుతున్నారు. సాల్వోర్ పరుగున వెళ్లి అడ్డం నిలబడింది, బెండు మీద గుర్తు చూపించింది, ముట్టుకోవద్దంది. ఆ పిల్లల్లో ఒకమ్మాయి మర్యాదగానే అడిగింది.

"ఎవరిదండీ ఇది?"

"మా ఆయనది."

"అయితే ఆయన్ని వచ్చి తీసుకెళ్లమనండి. పక్షులు చచ్చిపోతున్నాయి."

సాల్వోర్ అడ్డం తొలగలేదు. ఆ రాత్రి ఆటుపోటు వలను మళ్లీ లాక్కుపోయింది. సంగతి విని థోర్కట్ల పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఎప్పుడు ఆగిందో, ముసల్ది కళ్లు తుడుచుకుంటూ కనిపించింది.

ఇక బార్దుర్ సంగతి. అఖాతానికి అవతలి ఒడ్డున ఉంటాడు, పెళ్లాం పోయింది, గొర్రెలున్నాయి, మాట తక్కువ. ఐవిండ్‌కి చిన్ననాటి నేస్తం. బాతునూగు ఏరే రోజుల్లో ప్రతి ఏడాదీ పడవేసుకుని వచ్చి సాల్వోర్‌కి సాయం చేస్తాడు. ఆ సముద్రపు బాతులు ఆమె పొలంలోనే గూళ్లు పెడతాయి, రొమ్ము నూగు పీకి గుడ్ల చుట్టూ పరుచుకుంటాయి. ఇంట్లో కుండలో గింజ ఉందంటే ఆ నూగు అమ్ముకున్న పుణ్యమే. పని అయ్యాక కాఫీ తాగుతూ బార్దుర్ ఏటా ఒకే మాట అడిగేవాడు, వల చివికిందా అని. లేదనేది. సరేనని కప్పు బోర్లించి వెళ్లిపోయేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమని రాళ్లకి కూడా తెలుసు, ఆ ఒక్క మాట తప్ప ఇంకేం మాట్లాడుకునేవారు కాదు. ఈ ఏడాది మాత్రం కబురు ముందే పంపాడు. రేవు పట్నంలో కూతురు ఉండమంటోంది, శరదృతువులో గొర్రెలు అమ్మేస్తున్నాను, ఈసారి అడగడమే ఆఖరు అని. ఆ కబురు విన్న రోజునుంచి సాల్వోర్‌కి తిన్నది ఒంటబట్టలేదు. సీల్ పిల్ల మెడలో ఆ కుట్టు చూశాక, జవాబు ఏమిటో కూడా తెలిసిపోయింది.

అనుకున్నట్లే వల వచ్చి కూర్చుంది. ఎక్కడా? సరిగ్గా బాతులు పిల్లలతో నీళ్లలోకి దిగే చిన్న రేవు వాకిట్లో. ఒక రాతికీ ఇంకో రాతికీ తగులుకుని, తలుపు వేసినట్లు అడ్డంగా. తెల్లారేసరికి బాతులు దాంట్లో వేలాడుతున్నాయి, రెక్కలు విప్పి కొన్ని, ముడుచుకుని కొన్ని. ఒడ్డు మీద పిల్లలు తల్లుల కోసం కీచుకీచుమని తిరుగుతున్నాయి. సాల్వోర్ చూస్తూ నిలబడింది. చేపలన్నావు పెట్టాను, సీళ్లు తీసుకున్నావు ఊరుకున్నాను, ఇప్పుడు నా వాకిట్లోకి వచ్చి నా నోటికాడ కూడు కూడా తీస్తావా ఐవిండ్, అనుకుంది.

అప్పుడే బార్దుర్ పడవ చప్పుడు వినిపించింది.

ఆమె చేతులూపింది, అరిచింది. గాలి ఎదురుగా ఉంది. రేవు మలుపు తిరుగుతూనే పడవ ఉన్నట్టుండి ఆగి, వెనక వైపు నీళ్లలోకి కుంగింది. వల మోటారు కింది పంకాకి చుట్టుకుంది. మోటారు ఒక్క మూలుగు మూలిగి చచ్చిపోయింది. కెరటం పడవను అడ్డంగా తిప్పి రాళ్ల వైపు తోసింది. బార్దుర్ వెనక వైపు వంగి చేతులు నీళ్లలో పెట్టడం కనిపించింది, ఆ తర్వాత పడవ ఒరిగింది, మనిషి కనిపించలేదు. ఆ నీళ్లలో మనిషి ప్రాణం ఎంతసేపు నిలుస్తుందో మా తీరంలో పుట్టిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సాల్వోర్ మొల లోతు దాకా పరిగెత్తింది. ఐవిండ్ పడవ ఖాళీగా తేలుతూ కనిపించిన పొద్దున కూడా ఇలాగే పరిగెత్తింది, అప్పుడు ఎవరూ పైకి రాలేదు.

బార్దుర్ వచ్చాడు. బెండ్ల తాడు పట్టుకుని, రాయి పట్టుకుని, పాకుతూ వచ్చాడు. ఆమె జుట్టు పట్టి, కాలరు పట్టి ఒడ్డుకి లాగింది. మొహం నీలం, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కుడిచేతిలో కత్తి అలాగే బిగుసుకుపోయి ఉంది. ఇంట్లోకి తీసుకొచ్చి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఉన్న దుప్పట్లన్నీ కప్పి, వేడి కాఫీ గొంతులో పోశాక గానీ మాట రాలేదు.

"కాలు పట్టుకున్నాడు సాల్వోర్. వల కాదు, నాకు తెలుసు. పట్టుకుని కిందికి లాగాడు."

సాల్వోర్ ఇంకో కప్పు పోసి అతని చేతిలో పెట్టింది.

"కోసేశాను. వాడి గుర్తున్న తాడు నా చేత్తో కోసేశాను. సగం అలాగే బయటికి కొట్టుకుపోయింది. నన్ను ఏమన్నా అనుకో."

గోడ మేకుకి తోలుకోటు వేలాడుతోంది. బార్దుర్ దాని వైపు చూడకుండా ఉండటానికి తల తిప్పుకోవడం సాల్వోర్ చూసింది. ఆమె కూడా చూడలేకపోయింది. ఇంతలో మూలనున్న కుర్చీలోంచి థోర్కట్ల కర్ర నేల మీద కొట్టింది.

"ఎందుకే వాడి మీద పడతారు ఇద్దరూ? వాడు చెడ్డవాడు కాదు. తినమని పెట్టావు, తరగని తిండి పెట్టావు. కంచం ఖాళీ అయితేగా లేచి వెళ్లడానికి? ఏడేళ్లుగా నా కొడుకు విస్తరి ముందే కూర్చుని ఉన్నాడు. వాడికి విసుగొచ్చి ఉంటుంది."

సాల్వోర్ పొయ్యి పక్కన కూర్చుంది. ప్రేమకొద్దీ చేసిన పని ఇది. కోపంతో చేసి ఉంటే ఎవరి కాళ్లైనా పట్టుకుని తప్పయిందని చెప్పుకోవచ్చు. ప్రేమతో చేసినదానికి ఏమని చెప్పుకోవాలి? ఎవరికి చెప్పుకోవాలి? తలెత్తి అటక వైపు చూసింది.

"అటక మీది వల ఇంకా ఉందా అత్తా?"

"ఎక్కడికి పోతుంది? నీకు బుద్ధి వచ్చేదాకా ఉంటుందని నాకు తెలుసు."

మర్నాడు గాలి తగ్గింది. రేవులో మిగిలిన సగం వలను సాల్వోర్ ఒడ్డుకి లాగింది. చనిపోయినవాడి వాటాను వాడి ఇంటివాళ్లే తియ్యాలి, తీస్తే బదులు పెట్టాలి, అది థోర్కట్ల మాట. వలలో బాతులున్నాయి, వాటి కింద ఎముకలున్నాయి, చేపలవో పక్షులవో తెలియని ఎముకలు, పాచి పట్టినవి కొన్ని, తెల్లగా కడిగినట్లున్నవి కొన్ని. బతికి ఉన్న ఒక్క బాతును విడిపిస్తే అది ఆమె వేలు పొడిచి ఎగిరిపోయింది. వల మాత్రం చెక్కుచెదరలేదు. ఆకుపచ్చ అదే ఆకుపచ్చ. ఆమె వేసిన కుట్లు ఒక్కటి కూడా ఊడలేదు. తన చేతి పని చూసి మనిషి అంత అసహ్యపడటం ఎక్కడా ఉండదు.

నూలు వలను కిందికి దించి, దుమ్ము దులిపి, పాత రాతి గుండ్లు, చెక్క బెండ్లు కట్టింది. ఐవిండ్ మొదటి వాటా ఎక్కడ వేసిందో అక్కడికే తెడ్డు వేసుకుంటూ వెళ్లింది. థోర్కట్ల నేనూ వస్తానని పట్టుబట్టి, దుప్పటి చుట్టుకుని పడవ వెనక కూర్చుంది. కళ్లు సరిగా కనపడవు, అయినా ఇటు తిప్పు, అటు తిప్పు అని కర్రతో చూపిస్తూ ఒకటే నస. వల నీళ్లలోకి జారుతుంటే తన చేత్తో కూడా కొంత వదిలింది. ఎండిన నూలు మొదట తేలింది, తర్వాత నెమ్మదిగా తడిసి దిగిపోయింది.

"ఐవిండ్" అంది సాల్వోర్ నీళ్ల వైపు చూస్తూ. "ఇది తిని వెళ్లు. మంచిదే పెట్టాలనుకున్నాను. నిన్ను కట్టేస్తున్నానని తెలియలేదు."

థోర్కట్ల కోడలి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

బార్దుర్ గొర్రెలు అమ్మలేదు. ఇంకొక్క చలికాలం ఉంటానని కూతురికి కబురు పెట్టాడు. ఆ చలికాలం మంచు పలకలు అఖాతం దాకా రాలేదు. తుఫాను వచ్చినప్పుడల్లా సాల్వోర్ కిటికీ దగ్గర నిలబడేది. కళ్లలో వత్తులు వేసుకుని చూసినా నారింజరంగు ఎక్కడా కనపడేది కాదు.

మంచు కరిగాక అత్తాకోడళ్లు మళ్లీ పడవెక్కారు. సాల్వోర్ తాడు పట్టి లాగింది. ఎంత బరువుకి సిద్ధపడిందో, తాడు అంత తేలిగ్గా వచ్చి, ఆమె వెనక్కి పడబోయింది. వల లేదు. తాడుకి అక్కడక్కడా నల్లటి పీచు అంటుకుని ఉంది, వేలితో తాకితే బురదలా పూసుకుంది. థోర్కట్ల ఆ పీచును రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"తిన్నాడు" అంది. ఆ తర్వాత ముసల్ది ఏడ్చింది. కొడుకు పోయిన నాడు కూడా ఏడవలేదు.

సాల్వోర్‌కి సంతోషం కలగాలి. కలగలేదు. చేతిలో ఆ ఉత్త తాడు పట్టుకుని కూర్చుంటే, లోపల ఏదో ఖాళీ అయినట్లు అనిపించింది. ఇన్నేళ్లూ ఆ వలను చూసి వణికింది, తిట్టింది, అది కనపడని రోజుల్లో మాత్రం దాని కోసమే తీరం వెంట తిరిగింది. భయమో మరొకటో, రోజూ ఒక మనిషి కోసం చూసినట్లే చూసింది. ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు. మొగుడు చచ్చిపోయాడని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఇంటికి వచ్చి తోలుకోటు మేకు మీంచి తీసింది, మొదటిసారి జేబులో చెయ్యి పెట్టింది. జేబులో ఎండిన చేప ముక్క ఒకటి ఉంది, రాయిలా.

ఆ వేసవిలో చర్చిలో చిన్న పెళ్లి జరిగింది. సాల్వోర్ అవతలి ఒడ్డుకి వెళ్లింది, థోర్కట్ల కూడా తన కుర్చీతో సహా వచ్చేసింది. కోడలితో పాటు అత్త కూడా ఆమె కొత్త మొగుడి ఇంటికి కాపురానికి రావడం మా దగ్గర కూడా వింతే. కానీ బార్దుర్ ఆ కుర్చీ తనే మోసుకొచ్చి కిటికీ పక్కన వేశాడు. చూడు అల్లుడూ, కాఫీ నీళ్లలా చేస్తే ఊరుకోను అని ముసల్ది మొదటి రోజే చెప్పేసింది. ఇల్లు మాటలతో నిండింది. సాల్వోర్ నిద్రపోయింది, ఎన్నో ఏళ్ల తర్వాత నిండుగా నిద్రపోయింది.

వేసవి చివర ఒక మధ్యాహ్నం బార్దుర్ చేపలతో తిరిగి వచ్చి, బుట్ట ఒడ్డున పెట్టి, నేను తర్వాత పడవ కడుగుతాను, నువ్వు చెయ్యి పెట్టకు అని గట్టిగా చెప్పి పైకి వెళ్లిపోయాడు. అలా చెప్పే మనిషి కాదు. సాల్వోర్ పడవలోకి చూసింది. బల్ల కింద తడి గోనెసంచి మడత పెట్టి ఉంది. తీసింది.

నారింజరంగు బెండు. రంగు కొంచెం కూడా వెలవలేదు. రెండు నిలువు గీతలు, వాటి మీదుగా ఏటవాలు గీత. దానికి చిటికెడు ఆకుపచ్చ వల ఇంకా వేలాడుతోంది, కుట్టుతో సహా, రెండు పేటలు. బార్దుర్ కోసి వదిలేసిన ఆ సగానిది.

ఐవిండ్ తిన్నాడు, వెళ్లాడు, అత్త చెప్పింది, తాడు చెప్పింది. మరి ఇదేమిటి? అతను వెళ్లిపోయినా ఇది వెళ్లదు. ఎక్కడో ఆ ఉత్తరపు నీళ్లలో అతని పేరు మీద ఇది పని చేస్తూనే ఉంటుంది, తను పోయాక కూడా, తనను ఎరిగినవాళ్లంతా పోయాక కూడా. దీన్ని చూసిన ప్రతివాడూ ఇది ఐవిండ్‌ది అని ముట్టుకోకుండా వదిలేస్తాడు. చచ్చినవాడి గుర్తు దానికి కాపలా కాస్తోంది.

పడవ బల్ల మీద కూర్చుని, చేపల కత్తి తీసింది. చుట్టూ చూసింది, ఎవరైనా చూస్తారని కాదు, అలవాటు. ఐవిండ్ కాల్చిన గీత చాలా లోతుగా దిగింది, మంచి చెయ్యి అతనిది. మొదటి గీతను మెల్లగా గీకింది. రెండోది గీకేటప్పుడు ఏడ్చింది. ఏటవాలు గీత పూర్తిగా పోలేదు, పోయేదాకా గీకింది. నారింజరంగు పొట్టు ఒడినిండా రాలింది. ఆ పొట్టంతా ఏరి, పడవలో ఉన్న చెత్త సంచిలో వేసింది, సీసాలు, తాళ్ల ముక్కలు ఉన్న సంచిలో. బెండును కూడా అందులోనే పడేసింది. బొటనవేలికి మాత్రం ఆ గుంట ఇంకా తగులుతున్నట్లే ఉంది.

పైకి వెళ్లేసరికి బార్దుర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పడవ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఏం చేస్తున్నావు ఇంతసేపు?"

"చెత్త ఏరాను" అంది సాల్వోర్.

అతను ఆమె వేళ్లకి అంటుకున్న నారింజరంగు పొడి చూశాడు. లోపలికి వెళ్లి కాఫీ పోశాడు.